ఒకటో దొడ్డి ఒంటె పిల్లలు

మా ఇంటి శాస్త్రవేత్తకి,

నువ్వు రాసిచ్చినట్టే మేపుతున్నాను తల్లీ. ఒకటో దొడ్డిలో ఆరు ఒంటె పిల్లలకి ప్రోటీన్ తక్కువ దాణా, రెండో దొడ్డికి మధ్యరకం, మూడో దొడ్డికి నూనె చెక్క దండిగా కలిపింది. ప్రతి సోమవారం నీళ్లు పెట్టకముందే కాటా ఎక్కిస్తున్నాను. నిన్న మూడో దొడ్డి గడుగ్గాయి ఒకటి కాటా మీదే నా టోపీ నమిలేసింది.

ముప్ఫై ఏళ్లుగా ఒంటెలు మేపుతున్న నాకు ఏం పెట్టాలో నా కూతురు చెబుతోందని ఫారంలో అందరికీ చెప్పుకున్నాను. మీసం కాస్త ఎక్కువే మెలేశాలే.

వేళకి తిను.
నాన్న

ప్రియమైన నాన్నా,

మూడు నెలల బరువులు చూశాను. ఒకటో దొడ్డి పిల్లలు రెండో దొడ్డి వాటితో సమానంగా పెరిగాయి. అలా జరగకూడదు. దాణా రెండుసార్లు పరీక్షించాను, తేడా లేదు. కాటా చెడి ఉంటుందని మా ప్రొఫెసరుగారు అంటున్నారు.

నా డాక్టరేట్ పట్టా సంగతి అటుంచు. ఇదే నిజమని రాస్తే ప్రతి ఫారంవాళ్లూ పిల్లల దాణాలో కోత పెడతారు. నాకు భయంగా ఉంది. నీకేమైనా తెలుసా నాన్నా?

నీ చిన్ని

చిన్నీ,

కాటా నిక్షేపంలా ఉంది. తప్పు నాది.

ఒకటో దొడ్డివి కంచె మీంచి మెడలు చాచి పక్కవాటి తొట్టి చూస్తుంటే నా వల్ల కాలేదు. బక్కదానికి చివరి మేత మన చేత్తో పెట్టాలన్నది మా మేపరుల పద్ధతి. రోజూ తలా ఓ చంకెడు పచ్చి లూసర్న్ గడ్డి చేత్తో పెట్టాను. ప్రోటీన్ అంటే బస్తాలో దాణాలోనే ఉంటుందనుకున్నాను. గడ్డేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. నీ నెత్తిన చెయ్యి పెట్టాను.

ఎవరికీ తెలీదు. కాటా మీదకి తోసెయ్.

నాన్న

నాన్నా,

కాటా మీదకి తొయ్యలేదు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ప్రొఫెసరుగారు మండిపడ్డారు. రెండు రోజులకి చల్లబడి, కొత్త పిల్లలతో మళ్లీ మొదలుపెట్టమన్నారు. నా పట్టా ఏడాది వెనక్కి పోయింది, పోనీ.

మేపరిని మార్చమన్నారు. ఒప్పుకోలేదు. అడగ్గానే నిజం చెప్పిన మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతాడు? నువ్వు నాన్నవైనందుకు కాదు, అందుకే నువ్వే కావాలన్నాను. ఈసారి చెయ్యి కట్టేసుకోగలవా?

నీ చిన్ని

మా డాక్టరమ్మకి,

అచ్చయిన నీ పుస్తకం అందింది. ఈసారి ఒకటో దొడ్డివి అర్ధ అడుగు పొట్టిగానే మిగిలాయి. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాను, కళ్లలో నీళ్లు తిరిగేవి. రెండో దొడ్డివి మూడో దొడ్డి వాటితో సమానంగా ఎదిగాయి. మూడో దొడ్డికి ఎక్కువ పెట్టిన ప్రోటీనంతా మూత్రంలో పోయిందని నువ్వే తేల్చావు. ఇప్పుడు ఫారంలో అన్నిటికీ మధ్యరకమే. పొట్టివి కూడా పుంజుకుంటున్నాయి.

పన్నెండో పేజీ ఫారంలో అందరికీ చదివి వినిపించాను. మేపరి పచ్చగడ్డి పెట్టడం వల్ల మొదటి ప్రయోగం చెడిందని రాశావు కదా, అది. మేనేజరుగారు "కన్నకూతురే అలా రాస్తే సిగ్గుగా లేదా" అన్నారు.

"కన్నతండ్రని కూడా చూడలేదండీ మా అమ్మాయి" అన్నాను. ఈసారి మీసం ఇంకాస్త ఎక్కువే మెలేశాను.

ఇట్లు,
పన్నెండో పేజీ మేపరి