పాప ఏడ్చిందని అలిగినవారికి

ఏమండీ,

నాలుగు నెలల తర్వాత పనిచేసే ఊరి నుంచి ఇంటికొచ్చి, పాప మిమ్మల్ని చూసి గుక్కపట్టి ఏడ్చిందని రెండో రోజే బస్సెక్కేశారు. "నా మీద పిల్లకి ఏం నూరిపోశావ్?" అని వెళ్తూ వెళ్తూ నన్నే అన్నారు. మాటలే రాని తొమ్మిది నెలల పిల్లకి ఏం నూరిపోస్తానండీ?

డాక్టరమ్మని అడిగాను. "రోజూ చూసే మొహమేదో, కొత్త మొహమేదో ఇప్పుడిప్పుడే తెలుస్తోందమ్మా. ఆ ఏడుపు కూడా ఎదుగుదలే" అన్నారు. ఈ మాట మీకు చెబుదామంటే ఫోనెత్తరు.

నిన్న కుళాయి బాగుచేసే ఆయన వచ్చాడు. ఆయన్ని చూసి కూడా ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆయన అలగలేదు. అటు తిరిగి తన పని తాను చేసుకున్నాడు. కాసేపటికి ఈ పిల్లే నా ఒళ్లోంచి దిగి, పాక్కుంటూ వెళ్లి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. నాకు నవ్వు రాలేదండీ, ఏడుపొచ్చింది. ఆ చొక్కా మీది కావాల్సింది.

ఈసారైనా గుమ్మంలోనే పిల్లని నా చేతుల్లోంచి లాక్కోకండి. ఊరికే నేల మీద కూర్చోండి. తనే వస్తుంది. ఏడ్చే పిల్లని ఓదార్చగలను గానీ, అలిగే తండ్రిని కూడా ఓదార్చే ఓపిక నాకు లేదు.

మీ మీద కోపంతోనే,
పాప వాళ్లమ్మ