ఆరున్నొకటి

9 జూన్ 1974, ఆదోని

వెంకోబు ఎమ్మిగనూరు నుంచి కార్డు రాశాడు. సేతూ, పదిహేడు ఒకట్లు వరసగా రాస్తే వచ్చేది, 11111111111111111, ప్రధాన సంఖ్యేనా అని. బడిలో నా పక్కనే కూర్చున్నవాడు, ఇప్పుడు నాలాగే లెక్కల మాస్టరు. తేలాలంటే భాగించుకుంటూ పోవాలి. ముప్పైనాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు, అయినా వేలకు వేలు. ఒకటి వాడు, ఒకటి నేను. ఎక్కడో ఎవరో ఈపాటికి తేల్చే ఉంటారు. అడగబుద్ధి కాలేదు.

10 జూన్

103. శేషం మిగిలింది. ‘పోదు’ అని కార్డు వేశాను.

2 ఫిబ్రవరి 1981

కంటి ఆపరేషన్. పది రోజులు కట్టు విప్పకూడదట. (ఇది సుంకన్న చేత రాయిస్తున్నాను.) సుంకన్న పక్కింటివాడు, మార్కెట్లో ధాన్యం కొలుస్తాడు. లెక్క కూడా నేను చెప్తే రాసి, తిరిగి చదువుతున్నాడు. ఏడు మాత్రం అనడు. ఆరున్నొకటి అంటాడు. కొలిచేటప్పుడు ఏడు అంటే ఇంట్లో ఏడుపేనట. ఇది ధాన్యం కాదయ్యా, లెక్క అని అరిచాను. ఏమి సేసేది సామీ, ముప్పై ఏండ్లాయ, ఆ మాట అనేకి నోరు రాదు అన్నాడు. సరే, నేనే ఏడని అనుకుంటాను. వాడి భయానికి నా లెక్క ఆగదు.

7 ఫిబ్రవరి

2071723. పోదు.

3 మార్చి 1981

వెంకోబు కార్డు. కట్టు రోజుల్లో చేసినవి మళ్లీ చూసుకోవాలట, ముఖ్యంగా 2071723. ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నా భాగహారం ఎప్పుడు తప్పింది? నమ్మకం లేకపోతే కార్డులు మానేద్దామని రాసి పడేశాను.

9 మార్చి

జవాబు ఒకటే మాట. సరే. కింద తన వంతు సంఖ్య, పోదు. దారికొచ్చాడు.

3 నవంబర్ 1985, ఉదయం

వెంకోబు పోయాడు. గుండెపోటు. ఎమ్మిగనూరు బస్సులో రాస్తున్నాను.

5 నవంబర్, సాయంత్రం

వాడి భార్య రమాబాయి నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. తీసుకోకపోయినా బాగుండేది.

2071723. దాని కింద భాగఫలం 5363222357. శేషం 0. తేదీ 26 ఫిబ్రవరి 1981.

అంటే నాకు కార్డు రాయకముందే తేల్చేశాడు. తప్పు నేనే చూసుకుంటానని అనుకున్నాడు. ఆ పేజీ తర్వాత మళ్లీ భాగహారాలే. నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఒక్కటీ ఎగ్గొట్టలేదు. తేలిపోయినాక ఇంకెందుకీ గోల అని రమాబాయి అప్పట్లోనే అడిగిందట. సేతు ఇంకా ఆపలేదు కదా అన్నాడట.

ఇంటికొచ్చి నా పాత పుస్తకం తీశాను. సుంకన్న రాతలో 7 సరిగ్గానే ఉంది. కింది వరసలో నేను చెప్పిందే తప్పు. వాడు ఆరున్నొకటి అంటే ఆరు, ఒకటి అని రెండంకెలుగా విన్నాను. మళ్లీ భాగించాను. శేషం సున్న.

తప్పయిందిరా అని ఒక్క కార్డు రాసి ఉంటే సరిపోయేది. పదిహేను పైసలు.

6 నవంబర్

సుంకన్న పలకరించడానికి వచ్చాడు. తప్పు నీది కాదయ్యా అన్నాను. ఏం తప్పు సామీ అన్నాడు.

9 నవంబర్

వెంకోబు పోయి నేటికి ఆరున్నొకటో రోజు.