అత్తగారి జెల్లీ

ఆర్తీ, అమ్మమ్మ ఆశీస్సులు.

జెలటిన్ అంటే సముద్రపు నాచని ఫోనులో చెప్పావు. కాదు, పశువుల ఎముకలూ తోలూ ఉడికించి తీసేది. నాచుతో చేసేది చైనా గ్రాస్. నువ్వు పంపిన పొడితో జెల్లీ చేసి మీనాంబాళ్ వదిన చేతికిచ్చాక, డబ్బా మీద చదివి గిన్నె లాక్కున్నాను. "ఏంది వదినా, పండ్లు లేనిదాని నోటికాడిది లాగేస్తావు?" అని అలిగింది. మరునాడు చైనా గ్రాస్‌తో చేసిపెడితేగాని మాట కలపలేదు.

వరలక్ష్మీ వ్రతానికి మీ అత్తగారికి ఈ జెల్లీయే పెడతానన్నావు. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి! ఫోనులో చెబితే నీ స్పీకరులో ఆమే ముందు వింటుంది. ఆమెకు తెలుగు చదవడం రాదు గనుక కార్డు రాస్తున్నాను. ఆ పొడి పారేసి, చైనా గ్రాస్ కొని, నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా ఉడికించు. ఆమె మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఈ ఒక్క ముక్క మాత్రం ఆమెకు చదివి వినిపించు.