వీపు రుద్దకు వదినా

వదినా,

నాకేమీ కాలేదు, కార్డు చూసి కంగారుపడకు. ఆసుపత్రిలో పాత నర్సులందరికీ మళ్లీ పాఠాలు చెబుతున్నారు. నిన్నటి పాఠం పడక పుండ్ల మీద. "మంచాన పడ్డవాళ్లకి వీపు ఎర్రబడితే ఏం చేస్తారు?" అని నా కూతురి వయసున్న టీచరమ్మ అడిగింది. అందరికంటే ముందు నేనే లేచి, "స్పిరిట్ పెట్టి గట్టిగా రుద్ది, పౌడరు వేస్తాం" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "అప్పట్లో అలాగే నేర్పేవాళ్లు మేడమ్. రుద్దితే లోపలి కండ నలిగి పుండు పెద్దదవుతుందని తర్వాత తెలిసింది" అంది.

మంచాన పడ్డ నాన్నకు అలా రుద్దమని నీకు నేర్పింది నేనే కదా. వీపంతా పుండ్లు పడి ఆయన పోయిన రోజు, నీ బద్ధకమే ఆయన్ని తినేసిందని అందరి ముందూ అన్నాను. "నువ్వు చెప్పినట్టే రుద్దాను కదమ్మా" అని ఊరుకున్నావు. ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు.

ఇప్పుడు మంచాన ఉన్న అమ్మ వీపు మాత్రం రుద్దకు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పు. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టు. నడుము కింద పెట్టమని నేనిచ్చిన రబ్బరు రింగు పారెయ్యి, అదీ పుండు పెంచేదేనట. చంటిదానికి దగ్గు తగ్గిందా? అన్నయ్య కళ్లజోడు మార్చాడా?

ఇది కవరులో పెట్టి పంపవచ్చు. కానీ నిన్ను అన్నది నలుగురిలో కాబట్టి నలుగురూ చదివే కార్డు మీదే రాస్తున్నాను. నాన్న వీపు అలా అవడంలో నీ తప్పు లేదు. తప్పు నా చదువుది, నా నోటిది. ఆ రోజు అక్కడున్న అన్నయ్యకూ పిన్నికీ పైకి చదివి వినిపించు.

నీ చేతులకు దండం.

నీ ఆడపడుచు