లాప్‌టాప్ బియ్యం డ్రమ్ములో ఉంది

సబీనా, రాగానే ముందు తలుపు గడియ వేసుకో. నీ లాప్‌టాప్ బియ్యం డ్రమ్ములో ఉంది. దుప్పట్లో చుట్టే పెట్టాను, పాడవదు. పప్పు వండాను, వేడి చేసుకొని తిను.

నువ్వు జిమ్‌కు వెళ్లగానే ఫైలు పట్టుకొని ఒకాయన వచ్చాడు. ఈ ఇంట్లో ఎవరు పని చేస్తారు, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అదే కఫీల్, ఎవరు అని హిందీలో అడిగాడు. మా మనవరాలు ఏ పనీ చేయదని చెప్పేశాను. సాయంత్రం మళ్లీ వస్తానన్నాడు.

జీతంలో టాక్స్ పోదని ఈ అరబ్బు దేశానికి వచ్చావు. కంపెనీ బెంగళూరులో, నువ్వు ఇక్కడ లాప్‌టాప్ ముందు. కఫీల్ అనేవాడే లేడు. అడిగితే "ఈ వీసానే అలాంటిది జేజీ, భయపడకు" అని నవ్వుతావు. మీ తాత కూడా అలాగే నవ్వేవాడు. కఫీల్ కాని వాడి దగ్గర పని చేస్తున్నాడని ఇక్కడే మఫ్రఖ్‌లో బిల్డింగు కట్టే సైటు నుంచే తీసుకెళ్లి విమానం ఎక్కించారు. అప్పుడు నేనూ ఇక్కడే ఎవరింట్లోనో గిన్నెలు తోముతున్నాను. నేను ఊరు చేరేలోపే పోయాడు, ఆ మనిషిని మళ్లీ చూడలేదు.

నీ వీసా కూడబలుక్కుని చదివాను. నీ పేరు తప్ప ఏమీ అర్థం కాలేదు. అందుకే నీ పాస్‌పోర్టు తీసుకొని వీసా కాగితాలు రాసిపెట్టే టైపింగ్ సెంటర్‌లో అజ్మతుల్లా దగ్గరికి, చదివించుకోవడానికి వెళ్తున్నాను. నీ మాట నమ్మక కాదు. నన్ను ఊరడించడానికి నువ్వు ఏమైనా చెబుతావు.

జేజి

ఆ ఫైలు ఆయన నాకంటే ముందే వస్తే టీ పెట్టి కూర్చోబెట్టు. పాస్‌పోర్టు జేజి దగ్గరుందని చెప్పు. నేను వచ్చేదాకా ఆయన వెంట మెట్లు మాత్రం దిగకు, తల్లీ.