తిననోళ్ళ టీము గెలిచిన పోతు

భోపాల్‌పట్నం,
బుధవారం సాయంత్రం

చిరంజీవి స్రవంతికి,

చల్లగా ఉండమని దీవించి బాపు రాసేది. ఇక్కడ అమ్మ, నేను, తమ్ముడు దుర్గేశ్, మన ముసలి ఎద్దుతో సహా అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ ఆసుపత్రిలో పడుకున్న జ్వరాలవాళ్ళూ బాగుండాలి. బిడ్డా, ఈ పూట నాకెంత సంతోషంగా ఉందంటే అక్షరాలు గీత మీద నిలవడం లేదు. రెండు నెలలుగా నేను పడ్డ బాధ కూడా ఇందులోనే రాయాలి. వరసగా రాస్తాను, ఓపిక చేసుకుని చదువు.

మీ కిష్టారంలో ఫోన్ టవర్ ఇంకా బాగుపడలేదని మందుల బండి డ్రైవరు చెప్పాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు అడిగినవాటికి ముందు జవాబు. నా మోకాలికి నువ్వు పంపిన నూనె రాస్తున్నాను, మెట్లు ఎక్కగలుగుతున్నాను, దిగడమే కష్టం. అమ్మ కంటి చుక్కలు మానలేదు. కళ్ళద్దాలు మాత్రం టీవీ చూసేటప్పుడే పెట్టుకుంటుంది, బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు పెట్టుకోదు. ఇక "సోమికి మేకపోతు దొరికిందా బాపూ" అని అడిగావు. దొరికింది. ఆ సంగతి చెప్పడానికే ఇన్ని కాగితాలు ముందేసుకున్నాను.

మన ఊరి క్రికెట్ టీము ఈ ఏడు ఎట్లా ఆడిందో చూసి ఉంటే నవ్వి నవ్వి ఏడ్చేదానివి. ఏడు ఆదివారాలు, ఏడు ఊళ్ళు, ఏడు ఓటములు. తమ్ముడు వేసే బంతి వికెట్ల దిక్కు తప్ప అన్ని దిక్కులకూ పోతుంది. బ్యాటు పట్టడం వచ్చినవాడు ముయా ఒక్కడే. ఒక ఊళ్ళో రెండో బహుమతి కోడిపుంజు వచ్చిందని ఎగిరి గంతేశారు, అది దారిలో జీపులోంచి దూకి అడవిలో పడింది. మైదానంలోకి అడుగుపెడితే చాలు, "తిననోళ్ళొచ్చిన్రు, తిననోళ్ళొచ్చిన్రు" అని ఊరంతా ఎగతాళి. మొదటి బహుమతిగా గెలిచిన మేకపోతును ఆ సాయంత్రమే మైదానం పక్కన కోసుకుని తినడం ఇక్కడ అందరికీ అలవాటు. మనవాళ్ళు తినరు, ఇంటి మనిషిని పోగొట్టుకున్న ఇల్లు చూసి అక్కడ కట్టేసి వస్తారు. ఆ పేరు అందుకే పడింది.

ఈ ఏడు ఆ ఇల్లు సోమిది. ఆమె పెనిమిటి మన టీములో వికెట్ల వెనక నిలబడేవాడు, వానల్లో జ్వరం వచ్చి పోయాడని నీకు రాశాను. మిరపకాయలు ఏరడానికి చర్ల వైపు కూలీలను తోలుకుపోయే మేస్త్రీ అప్పటికే ఆమె ఇంటికి రెండుసార్లు వచ్చి పోయాడు. సోమి పోతే ఐదో తరగతి చదివే బిడ్డ లక్మే కూడా పోతుంది. ఒకసారి మిరప తోటకు పోయిన పిల్ల మళ్ళీ బడిలో కూర్చోగా నేను చూడలేదు. అందుకే పెద్దమనిషిలా ఆమె గడపలో కూర్చుని, "సీజన్ అయ్యేలోగ పోతును తెచ్చి నీ వాకిట్ల కడతం. సంతల దాన్ని మార్చి రెండు ఆడ మేకపిల్లలను తెచ్చుకో. మంద అయితది. నువ్వు ఏడికీ పోకు" అని మాటిచ్చాను. టీము ఇచ్చిన మాట కాదు, నేనిచ్చిన మాట.

ఆ మాట నమ్మి ప్రతి ఆదివారం బిడ్డ చేయి పట్టుకుని, భుజాన తాడు వేసుకుని మైదానానికి వచ్చేది. ఆట అయిపోయాక ఆ తాడునే చుట్టుకుని నడిచి వెళ్ళిపోయేది. నన్ను రెండు తిట్టినా బాగుండేది.

ఎనిమిదో ఆదివారం, ఆఖరి టోర్నమెంటు. ఎట్లా చేరారో దేవుడికే తెలియాలి, మనవాళ్ళు ఫైనల్‌కు చేరారు. అవతలిది ఇంకో ఊరి టీము, కెప్టెన్ పొజ్జా. బ్యాటింగ్ చేసే జట్టు మనిషే అంపైర్‌గా నిలబడాలని మన దగ్గరి పద్ధతి. అందుకే ప్రతి మ్యాచ్‌లో కొట్లాటే. నేను నిలబడితే మాత్రం ఎవరూ నోరెత్తరు. కన్నకొడుకును మొదటి బంతికే ఔటిచ్చిన మనిషినని పదేళ్ళుగా నాకొక పేరు. చివరి బంతికి రెండు పరుగులు కావాలి. ముయా కొట్టాడు. ఒకటి తీశారు. రెండోదానికి తమ్ముడు నా వైపు వికెట్లకు పరుగెత్తుకొచ్చాడు. బంతి వచ్చి వికెట్లకు తగిలింది. అందరూ నా ముఖం చూశారు. నేను చేతులు అడ్డంగా ఊపాను, ఔట్ కాదని. గెలిచాం! మన కుర్రాళ్ళు నన్ను భుజాల మీద మోశారు. సోమి పోతు మెడకు తాడు వేసింది. లక్మే దాని చెవులు పట్టుకుని ముద్దులు పెట్టింది.

బిడ్డా, దుర్గేశ్ ఔట్. బ్యాటు గీతకు జానెడు దూరంలో ఉంది. నేను చూశాను. ఎండ కళ్ళలో పడిందనీ, దుమ్ము లేచిందనీ మూడు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఎండ నా వెనక ఉంది, దుమ్ము లేవలేదు. అన్నం పళ్ళెంలోనే వదిలి లేచేవాణ్ణి. మీ అమ్మ అడిగితే కడుపులో బాగాలేదన్నాను. తమ్ముడు నాతో మాట్లాడడం మానేశాడు.

గురువారం పొద్దున సోమి ఇంటికి పోయాను. చెబుదామని నోరు తెరిచేలోగా ఆమే అంది, "నాకెరుకే మామా. నేను వికెట్లకు ఎదురుంగనే ఉన్న."

"మరి పోతునెట్ల తోలుకొచ్చినవ్?"

"పిల్ల నా చెయ్యి వట్టుకోని పోతునే చూస్తుండె మామా. దాని ముందల ఎట్ల వద్దంట?"

ఆమె లేచి పోతును విప్పింది. ఇద్దరం దాన్ని తోలుకుని పొజ్జా ఊరికి నడిచాం. దారి పొడుగునా అది ప్రతి పొద దగ్గరా ఆగేది, మేం దానితో పాటు ఆగేవాళ్ళం. తొందర ఎవరికుంది?

పొజ్జా కళ్ళంలో ఉన్నాడు. చూసి నవ్వాడు. "ఏంది తాతా, మీ ఊళ్ళె గడ్డి లేదా, ఇంత దూరం మేపవడితివి?"

చెప్పాను. నవ్వు పోయింది. పోతు తాడు అందుకున్నాడు.

"ఆ పొద్దు మా తమ్ముడు ఔట్ ఔటని మొత్తుకున్నడు తాతా. తాత చెప్పినంక నోరు మూయరా అని అందరి ముందల వాని చెంప మీద కొట్టిన. పోతునైతే తెచ్చినవ్. ఆ దెబ్బనెట్ల వాపసు తెస్తవ్?"

ఆ తమ్ముడి ముందు నిలబడి చేతులు జోడించాను. ఇరవై ఏళ్ళు లేని పిల్లవాడు. సిగ్గుపడి లోపలికి పోయాడు. పొజ్జా భార్య మాకు అంబలి పోసింది. వచ్చేటప్పుడు పొజ్జా గడప దాకా వచ్చి, "మ్యాచ్ చూడనికి రా తాతా. ఛాయ్ తాగు, కూసో. ఇంక మా గ్రౌండ్ల అంపైర్‌గ నిలబడకు" అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఎక్కువ తగిలింది.

ఇంటికొచ్చి తమ్ముడితో చెప్పాను. "నేను ఔటని నాక్కూడ ఎరుకే బాపూ. నువ్వు చెప్తవా చెప్పవా అని చూసిన" అన్నాడు. ఆ రోజు నాతో కలిసి తిన్నాడు. కానీ వాడు మాట్లాడినంత మాత్రాన సోమి వాకిట్లో మంద అవుతుందా? ఊరంతా తిరిగాను. నా పేరు పోయింది, నా మాట పోయింది, ఇక ఆ పిల్ల బడి కూడా పోతుందని పిచ్చివాడిలా తిరిగాను.

ఆదివారం మేస్త్రీ జీపు వచ్చింది. సోమి, లక్మే మూటతో నిలబడ్డారు. నేను చెట్టు చాటున ఉన్నాను, ముఖం చూపించలేక. మీ అమ్మ నాతో ఒక్క మాట చెప్పకుండా, పిండి చేతులతోనే జీపు దగ్గరికి నడిచింది.

"సోమీ, నువ్వు పో. పిల్లను నాకియ్యి."

"ఎన్నొద్దులుంచుకుంటవ్ పెద్దమ్మా?"

"మిరపకాయ అయ్యేదాంక. నువ్వొచ్చేదాంక."

"మీ ఇంట్ల ఉంటదా అది?"

"మా పిల్లలు ఉండలేదా? ఎక్కు, ఆ మేస్త్రీ ఒర్లుతున్నడు."

అంతే బిడ్డా. రెండు మాటల్లో అయిపోయింది. నీ మంచం ఖాళీగా ఉంది, నువ్వు పోయినప్పటి నుంచీ ఖాళీగానే ఉంది. ఎనిమిది వారాలు ఇతరుల పోతు కోసం కళ్ళలో వత్తులు వేసుకున్న నాకు ఆ మంచం కనబడలేదు. నిన్ను అడగకుండా నీ మంచం ఇచ్చాం. నీ పాత పుస్తకాల పెట్టె కూడా తెరిచాం. ఏమీ అనుకోకు.

కానీ ఆ పిల్ల ముద్ద ముట్టలేదు. ఆదివారం లేదు, సోమవారం లేదు. మంగళవారం బడిలో కూడా తినలేదని మాస్టారు కబురు చేశాడు. దారి వైపు తిరిగి కూర్చోవడం, అంతే. మీ అమ్మ ధైర్యం కూడా జారిపోయింది. తల్లిని వేరు చేసి ఇంకో తప్పు చేశామా అని ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఈ పూట మీ అమ్మ ఎండు చేపల పులుసు పెట్టింది. పిల్ల బడి నుంచి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగింది. తల పైకెత్తి, "అవ్వా, ఉప్పు తక్కువైంది" అంది. మీ అమ్మ వంటకు వంక పెట్టే ధైర్యం నలభై ఏళ్ళలో నాకు రాలేదు! మీ అమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఉప్పు డబ్బా తెచ్చింది. లక్మే మూడుసార్లు అన్నం పెట్టించుకుంది బిడ్డా, మూడుసార్లు!

ఇప్పుడు నీతో పని ఉంది. సరుకులకు నువ్వు చర్లకు పోతుంటావు కదా. ఈసారి పోయినప్పుడు మిరప తోటల్లో అడుగు. భోపాల్‌పట్నం కూలీలు, సోమి అంటే చెబుతారు. ఫోన్ లేదు ఆమెకు. పిల్ల తిన్నదో లేదో తెలియక అక్కడ ఆమె ఎట్లా తింటుందో నాకు తెలుసు. ఎంత దూరమైనా నడిచి వెళ్ళి చెప్పు. పిల్ల అన్నం తిన్నదని చెప్పు. మూడుసార్లు పెట్టించుకున్నదని చెప్పు. మిగతావి ఏం చెప్పకున్నా సరే.

ఇట్లు,
నీ రాక కోసం, నీ కబురు కోసం ఎదురుచూసే
నీ బాపు
వెంకటనారాయణ