సత్తయ్య తాగిన నేరేడు సిర్కా

మిర్యాలగూడ, మంగళవారం

పొద్దున నేరేడుచర్ల పోయి చెల్లెలి భర్త సత్తయ్యను చూశాను. రైస్ మిల్లులో బస్తాలు మోసే మనిషి. కాలి బొటనవేలు నల్లబడింది. రేపు సూర్యాపేట దవాఖానలో తీసేస్తారట.

"షుగర్ గోళీలు ఎందుకు ఆపినవయ్యా?" అని అరిచాను.

"నువ్వే కద బావా, మందుల కంపెనీలు దోసుకుంటున్నయ్, మన నేరేడు సిర్కా సాలన్నవ్."

చెల్లె నా మొహం చూడలేదు. "గోళీలు డబ్బాల అట్లనే ఉన్నయన్నా. నీ సీసలే ఖాళీ అయినయ్."

ఉల్లిగడ్డలు నానబెట్టుకొమ్మని, కోడికూరలో చెంచాడు వేసుకొమ్మని ఆ సిర్కా, నేనే ఇంట్లో నేరేడు పండ్లు పులియబెట్టి తీసిన పుల్లనీళ్లు, ఇచ్చాను. అంతేనని ఇక్కడ రాసుకుంటే అబద్ధమే. దాంతో షుగర్ దిగుతుందని మందుల కంపెనీల దోపిడీ మీద పెట్టిన మీటింగులో చెప్పాను, చప్పట్లు కొట్టారు. కంపెనీల దోపిడీ నిజం, ఆ మాట వెనక్కి తీసుకోను. దానికి సత్తయ్య గోళీలనెందుకు తిట్టాను?

తాయెత్తులు కట్టేవాళ్ల మీద ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. నేనూ కట్టాను, సీసాలో పోసి.

వంటింట్లో గుడ్డ కట్టిన కొత్త జాడీలో నేరేడు పండ్లు పులుస్తున్నాయి. ఇల్లంతా అదే వాసన. ఆదివారం కోదాడలో మూఢనమ్మకాల మీద మాట్లాడాలి. మొదటి ఉదాహరణ సత్తయ్య వేలే కావాలి. చెప్తానో, మళ్లీ తాయెత్తులవాణ్నే తిట్టి వస్తానో...